పతంగికి తెలిసిన గాలి పంచాయతీకి తెలిసేదెలా?

హైదరాబాద్ పాతబస్తీ: సంక్రాంతి ఇక వారం ఉందనగా గుల్జార్‌హౌజ్ పరిసరాల్లో, ధూల్‌పేటలో పతంగుల దుకాణాల ముందు నిలబడే చోటు దొరకదు. జిల్లాల నుంచి చిల్లర వర్తకులు వచ్చి కట్టలకు కట్టలు కొనుక్కుపోతారు. ఇంటిల్లిపాదీ కాగితం, వెదురుపుల్లలు ముందేసుకుని నెలల తరబడి చేసిన సరుకు పండుగ మూడు రోజుల్లో చెల్లిపోవాలి. గాలి మొహం చాటేసిందా, మిగిలిన సరుకు మళ్లీ ఏడాదికే.

పొద్దున్నే ఇక్కడి గల్లీలో ఆకు కదలదు. అదే వేళ రెండంతస్తుల డాబా ఎక్కితే పతంగి దారాన్ని లాగుతుంది. ఇందులో వింతేమీ లేదు. చలికాలం రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కదలక పడి ఉంటుంది. పైన గాలి తన దారిన తాను పోతూనే ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక కింది గాలి, పైగాలి కలగలుస్తాయి. అప్పుడు గల్లీలో సైతం గాలి ఆడుతుంది.

ఈ సంగతి పల్లె రైతుకు ఎందుకంటారా? వాతావరణ శాఖ చెప్పే గాలి వేగం బయలు ప్రదేశంలో నేలకు పది మీటర్ల ఎత్తున లెక్క కట్టేది. చేలో నిలబడ్డ మనిషికి అంతకన్న తక్కువగా తగులుతుంది. తాటిచెట్టు మీది గీత కార్మికుడికి అంతకన్న ఎక్కువగా తగలవచ్చు. అంకె ఒకటే అయినా అనుభవం ఒకటి కాదు.

గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లంటే ఆకులు గలగలలాడే గాలి. 12 నుంచి 19 అయితే చిన్న రెమ్మలు ఆగకుండా ఊగుతాయి. 20 దాటితే దుమ్ము, కాగితం ముక్కలు లేస్తాయి. అప్పుడు మందు కొడితే పక్కవాడి చేను మీద పడుతుందే గాని మన పురుగు చావదు. ‘ఈశాన్య గాలి’ అంటే ఈశాన్యం నుంచి వచ్చేది, అటు పోయేది కాదు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు.

పైగాలి సంగతి తెలుసుకునేందుకు ఒకప్పుడు కొన్ని దేశాల్లో గాలిపటాలకే యంత్రాలు కట్టి ఎగరేసేవారు. ఇప్పుడు పాతబస్తీకి కొద్ది దూరంలోని బేగంపేట వాతావరణ కేంద్రం రేడియో యంత్రం కట్టిన బెలూన్‌ను వదులుతుంది. అది ఎటు కొట్టుకుపోయిందో చూసి ఏ ఎత్తున ఏ గాలి ఉందో లెక్క తేలుస్తారు.

కాగా 2024 అక్టోబర్ 24న కేంద్ర ప్రభుత్వం గ్రామ పంచాయతీల వారీగా అయిదు రోజుల ముందస్తు సూచనలు ప్రారంభించింది. వాన, ఎండ, తేమతో పాటు గాలి వేగం కూడా అందులో ఉంటుంది. ‘మేరీ పంచాయత్’ యాప్‌లో చూడవచ్చు. అయితే ప్రతి ఊళ్లో యంత్రం పెట్టి కొలిచినది కాదది, లెక్కల మీద వేసిన అంచనా. ఎండాకాలం సాయంత్రాల్లో ఒక్కసారిగా విరుచుకుపడే గాలిదుమారం ఏ ఊరి మీద పడేదీ అయిదు రోజుల ముందు ఎవరూ చెప్పలేరు. దానికి రాడార్ చూసి మూడు గంటల ముందు ఇచ్చే హెచ్చరికే దిక్కు.

ఆ హెచ్చరిక విలువ ఎంతో 2024 మే 26న తెలిసింది. ఆ సాయంత్రం గాలివానకు నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్ల షెడ్డు గోడ కూలి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆరని గోడ పక్కన, రేకుల షెడ్డు కింద, చెట్టు కింద తలదాచుకోవడం అలాంటి వేళ ఎంతమాత్రం మంచిది కాదు.

హెచ్చరిక సెల్‌ఫోన్‌లోకి వస్తోంది. కాని ఆ వేళకు కూలీ గోడ మీద ఉంటాడు, గీత కార్మికుడు చెట్టు మీద ఉంటాడు, ఫోన్ ఇంట్లో ఉంటుంది. పన్ను వసూళ్లకు మోగే పంచాయతీ మైకులో మధ్యాహ్నం ఒకసారి గాలి కబురు చదివితే అయ్యే ఖర్చేమీ లేదు. పాతబస్తీలో డాబా ఎక్కినవాడు గాలి ఎలా ఉందో కింద గల్లీలో ఉన్నవాడికి కేకేసి చెబుతాడు. పల్లెలో ఆ కేక వేసేవాడింకా కుదరలేదు.