గట్టు మీది నల్ల సైకిలు

విజయవాడ వన్ టౌన్ సందుల్లో సాన పట్టే మనిషి ఎదురైతే ఒక్క నిమిషం ఆగి ఆయన నల్ల సైకిలును చూడండి. స్టాండు వేయగానే వెనక చక్రం నేలను వదిలేస్తుంది. కూర్చుని తొక్కుతాడు. బండి కదలదు, చక్రం మీంచి సాగిన బెల్టు సానరాయిని తిప్పుతుంది. బెల్టు ఆనే రిమ్ము వ్యాసం 63.5 సెంటీమీటర్లు అనుకుందాం. రాయి ఇరుసు మీది కప్పీ 6 సెంటీమీటర్లదైతే, చక్రం ఒక చుట్టు తిరిగేసరికి రాయి పదికి పైగా చుట్లు తిరుగుతుంది. కత్తిపీటకు పదును పెట్టి, బెల్టు విప్పి, అదే బండెక్కి పక్క వీధికి వెళ్ళిపోతాడు. ఈ నేర్పు చూసినప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

ఈ తరహా సైకిలు పుట్టిల్లు ఇంగ్లండు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ బండితో వెనక చక్రానికి చైను వేసిన రూపం స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైరు తోడైంది. మన దగ్గర 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి.

ఇదే సైకిలు మరోచోట మరో దారి పట్టింది. ఫ్రాన్సులో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, రోడ్డు పందేలు లేని చలికాలంలో ఒళ్ళు మొద్దుబారకుండా పొలాల్లో, బురదలో తొక్కడం ఒక ఆటగా ఎదిగింది. అదే సైక్లోక్రాస్. దారికి అడ్డం వస్తే బండిని భుజానేసుకుని పరుగెత్తాలి. అంతర్జాతీయ స్థాయి పందేల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. పందేలు లేనప్పుడు అవే బండ్లు ఆఫీసుకూ, బజారుకూ, మట్టిదారులకూ పనికొస్తాయి. మన నల్ల సైకిలు టైరు దాదాపు 40 మిల్లీమీటర్లు! ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది, చక్రాల మధ్య దూరమూ ఎక్కువే. అందుకే వెనక గడ్డిమోపు ఉన్నా కాలువ గట్టు మీద తిన్నగా పోతుంది.

దీని కడ్డీ బ్రేకులను చాలామంది చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. వాటి రబ్బరు రిమ్ముకు పక్కల నుంచి కాక లోపలి వైపు నుంచి ఒత్తుకుంటుంది. గోతుల్లో పడి చక్రం కాస్త బెండు పోయినా రాసుకోదు. వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద మాత్రం పట్టు తగ్గిపోతుంది, అది నిజమైన లోపం. ఇంకో చిక్కు రేగడి. కృష్ణా డెల్టా నల్లమట్టి తడిస్తే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ముద్దగా కూరుకుంటుంది. దిగి, పుల్లతో గోకి, మళ్ళీ ఎక్కాలి. సైక్లోక్రాస్ బండికి మడ్‌గార్డు లేకుండా, టైరు చుట్టూ ఎడం వదిలేది ఈ బాధ తప్పడానికే.

టైరు ఒక చుట్టుకు మన నల్ల సైకిలు సుమారు 2.25 మీటర్లు సాగుతుంది. కృష్ణానది మీద 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అంటే దాటడానికి దాదాపు 545 చుట్లు. ఆ పైనుంచి కూరగాయల బుట్టలతో, పాల క్యాన్లతో ఎందరు వన్ టౌన్‌కు వచ్చారో! సార్వా కోతలయ్యాక మినుము చేలకు వెళ్ళేదీ, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నీళ్ళ బిందెలు మోసేదీ ఈ బండే.

దానికి దొరికే విరామం ఓవరాయిలింగ్ నాటి పూట ఒక్కటే. మెకానిక్ ఇరుసు విప్పి, గుప్పెడు బాల్సు కిరసనాయిల్లో కడిగి, అరిగినవి ఏరేసి, గ్రీజు దట్టించి బిగిస్తాడు. చక్రాన్ని ఒక్కసారి గాలిలో తిప్పి వదిలి, అది ఆగేదాకా చెవి ఒగ్గి వింటాడు.