స్టీరియో కొత్తదే, మరి తంటా ఎక్కడ?

కారులో కొత్త స్టీరియో పెట్టించుకున్న వారం లోపల వచ్చే ఫిర్యాదులు సాధారణంగా రెండు. ఒకటి, తాళం తీసి మళ్లీ పెట్టేసరికి గడియారం మొదటికొస్తుంది, సేవ్ చేసుకున్న స్టేషన్లన్నీ మాయమవుతాయి. రెండోది, బండి రెండ్రోజులు తీయకపోతే చాలు, బ్యాటరీ పడుకుంటుంది. సెట్టే పాడని షాపువాడితో గొడవకు దిగేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు సెట్టుకు ఏమీ అయి ఉండదు. పసుపు, ఎరుపు వైర్ల దగ్గరే తేడా.

స్టీరియోకు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. పసుపు వైరు బ్యాటరీ లైను. తాళం ఉన్నా లేకపోయినా అందులో 12 వోల్టులు ఉండాలి. గడియారం నడిచేది, స్టేషన్లు గుర్తుండేది దాని మీదే. పాట మోగడానికి కావాల్సిన అసలు కరెంటు కూడా దాని గుండానే వస్తుంది. ఎరుపు వైరులోకి తాళం ఏసీసీకి (యాక్సెసరీ స్థానానికి) తిప్పినప్పుడే కరెంటు వస్తుంది. ఇక ఆన్ కావచ్చని సెట్టుకు చెప్పడమే దాని పని. ఈ రెండూ తారుమారైతే, తాళం తీయగానే జ్ఞాపకాన్ని నిలిపే లైను ఆగిపోతుంది. తారుమారు గొడవే లేకుండా రెండింటినీ కలిపి బ్యాటరీ లైనుకు చుట్టేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు సెట్టు రాత్రంతా మెలకువగానే ఉంటుంది. అర ఆంపియర్ లాగినా రోజుకు 12 ఆంపియర్ అవర్లు ఖర్చు. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన ఎన్నాళ్లు తట్టుకుంటుంది?

పసుపుకు పసుపు, ఎరుపుకు ఎరుపు కలిపితే సరిపోదా అంటే, సరిపోదు. పైన చెప్పినవి సెట్టు వైపు రంగులు. బయట కొనే సెట్లు దాదాపుగా ఈ రంగులే పాటిస్తాయి. కారు వైపు రంగులు మాత్రం కారు కంపెనీ ఇష్టం. (పసుపు తొడుగో పసుపు కప్లరో కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగు లైను అయి ఉండొచ్చు, దాని జోలికే పోవద్దు.) కారు వైర్లకు ప్రామాణిక ఐఎస్‌ఓ కప్లర్ ఉన్నా పూర్తిగా నమ్మలేం. పద్ధతి ప్రకారం నాలుగో పిన్ను బ్యాటరీ, ఏడో పిన్ను తాళం, ఎనిమిదోది ఎర్తు. కొన్ని ఫోక్స్‌వ్యాగన్ బండ్లలో నాలుగూ ఏడూ అటుదిటు ఉంటాయి. అందుకే చాలా సెట్ల హార్నెస్‌లో పసుపు, ఎరుపు వైర్ల మధ్యలో ఊడదీసి మార్చి తగిలించుకునే జాయింట్లు పెడతారు. వైరు కోయనక్కర్లేదు.

మీ బండిలో ఏది ఏదో తేల్చడానికి మల్టీమీటరు చాలు. నల్ల మొన రంగు లేని ఇనుముకు ఆనించి, ఎర్ర మొనతో ఒక్కో పిన్ను చూడండి. తాళం తీసి ఒకసారి, ఏసీసీలో ఒకసారి. రెండుసార్లూ 12 చూపించింది బ్యాటరీ లైను, రెండోసారి మాత్రమే చూపించింది ఏసీసీ. అయితే ఇక్కడ ఒక మోసం ఉంది. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా మీటరు 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. సెట్టు తగిలించి, వాల్యూమ్ పెంచి, అప్పుడు కొలిస్తే నిజం బయటపడుతుంది. 12.4 ఉన్నది 10కి జారితే దారిలో ఎక్కడో జాయింటు బలహీనంగా ఉన్నట్టు. మన మే నెల ఎండలకు డాష్‌బోర్డు వెనక పీవీసీ టేపు జిగురు కరిగి జారిపోవడం మామూలే. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటును నేనైతే జాయింటు అననే అనను. టంకం వేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. ఆ పనికి ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి.

బేస్ కొట్టినప్పుడల్లా సెట్టు ఆగి మళ్లీ మొదలవుతుంటే ముందు ఎర్తును అనుమానించండి. పెయింటు మీద స్క్రూ బిగిస్తే అది ఎర్తు కాదు. పాట మోగుతుండగా మీటరు ఒక మొన సెట్టు నల్లవైరుకు, రెండోది బ్యాటరీ నెగటివ్‌కు పెట్టండి. 0.1 వోల్టు దగ్గర ఉంటే మంచిదే. అర వోల్టు చూపిస్తే పెయింటు గీకి మళ్లీ బిగించాల్సిందే.

స్క్రీను మీద ప్రొటెక్ట్ అని వస్తే స్పీకర్ల ప్లగ్గు ఊడదీసి ఆన్ చేయండి. ఆ మాట పోతే లోపం స్పీకర్ లైన్లలోనే ఉంది. ఇప్పటి సెట్లలో స్పీకరు రెండు వైర్లనూ ఆంప్లిఫయరే నడుపుతుంది. రెంటిలో ఏదీ బాడీకి తగలకూడదు. నెగటివ్ కదా, ఎర్తే కదా అని బాడీకి కలిపేయడం పాత అలవాటు. అది సెట్టును కాల్చేయగలదు. తలుపు దగ్గర రబ్బరు గొట్టంలో నలిగిన వైరు కూడా ఇదే పని చేస్తుంది.

అన్నీ మోగుతున్నా బేస్ పలచగా ఉంటే, బ్యాలెన్సును పూర్తిగా ఒక పక్కకు తిప్పి వినండి. ఒక్క పక్కే మోగినప్పుడు బేస్ పెరిగితే ఒక స్పీకరు తిరగేసి కలిపినట్టే. స్పీకరు వైర్లను సెట్టు నుంచి విడదీసి, 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తగిలించండి. ప్లస్‌కు ప్లస్ కలిస్తే కోను బయటికి కదులుతుంది, లేకపోతే లోపలికి.

పాటలు బాగుండి ఎఫ్‌ఎం ఒక్కటే గరగరలాడితే నీలం వైరు చూడండి. కారు ఏంటెన్నాలో బూస్టరు ఉంటే దానికి కరెంటు ఇచ్చేది అదే. ఎక్కడ కలపాలో తెలియక చాలామంది దాన్ని టేపు చుట్టి వదిలేస్తారు.