సూర్యాపేట నుంచి కోదాడ... నీళ్ల మీద!

చుట్టూ నీళ్లే. ఒడ్డు కనపడదు. సెల్‌ఫోను మోగదు. కాళ్ల కింద ఫైబరు పడవ, వెనకాల చిన్న ఇంజిను, చేతిలో గాలం తాడు. ఇంటి దగ్గర మాత్రం ఓ కుటుంబం తూర్పు వైపే చూస్తూ ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో చిన్న పడవల మీద నడిసముద్రానికి వెళ్లే జాలర్ల బతుకు ఇది.

సూర్యాపేట బస్టాండులో బస్సెక్కితే కోదాడ ఎంత దూరం? దాదాపు 45 కిలోమీటర్లు. కిటికీ పక్కన సీటు దొరికితే ఓ కునుకు తీసేలోపే వచ్చేస్తుంది. దారి పొడవునా ఊళ్లు, హోటళ్లు, పెట్రోలు బంకులు. బస్సు ఆగిపోతే వెనక ఇంకోటి వస్తుంది.

ఇప్పుడు అదే దూరాన్ని సముద్రం మీద ఊహించుకోండి. పది హార్స్‌పవర్ ఇంజిను బిగించిన చిన్న పడవ గంటకు 10-12 కిలోమీటర్లకు మించి పోవడం కష్టం. అంటే నాలుగు గంటల ప్రయాణం. మధ్యలో బంకు ఉండదు, మెకానిక్కు ఉండడు. పడవలో కూర్చున్న మనిషి కంటికి నలువైపులా నాలుగైదు కిలోమీటర్ల నీళ్లే ఆనతాయి. పది కిలోమీటర్ల అవతల తోటి పడవ ఉన్నా కనపడదు. ఈ నాలుగు గంటల లెక్కే జాలరి ప్రాణానికి కొలబద్ద.

సాగర్ చెంత ‘వైజాగ్’

సముద్రమంటే మనకెక్కడో దూరం అనుకుంటాం. కానీ సముద్రం మనుషులు మన దగ్గరే ఉన్నారు. నల్గొండ జిల్లా నేరేడుగొమ్ము మండలంలో, నాగార్జునసాగర్ వెనక జలాల ఒడ్డున ‘వైజాగ్ కాలనీ’ ఉంది. మిర్యాలగూడ, దేవరకొండ వైపు వాళ్లకు చేపల కూర తినడానికి వెళ్లే విహారస్థలంగా బాగా తెలుసు. ఆ పేరెలా వచ్చిందో మాత్రం చాలామంది ఆలోచించి ఉండరు. సాగర్ కట్టి జలాశయం నిండాక విశాఖ తీరం నుంచి చేపల వేటకు వలస వచ్చి స్థిరపడిన మత్స్యకారులే ఆ ఊరికి ఆ పేరు తెచ్చారు. ఉత్తరాంధ్ర తీరంలో వాడబలిజలు తరతరాలుగా సముద్రాన్ని నమ్ముకున్నవాళ్లు. కొందరు ఇలా మంచినీటి బాట పట్టారు. తీరాన ఉండిపోయినవాళ్లలో చాలామంది మరింత లోపలికి, మరింత లోతుకు వెళ్లాల్సి వచ్చింది.

ఎందుకంత దూరం?

సరదాకు కాదు, సాహసానికీ కాదు. ఒడ్డుకు దగ్గరలో దొరికే చేప పంచుకునేవాళ్లు ఎక్కువయ్యారు. పెద్ద మరపడవలు అడుగుదాకా జల్లెడ పట్టినచోట చిన్న వలకు మిగిలేది తక్కువ. మరోవైపు, మంచి ధర పలికే పసుపు రెక్కల ట్యూనా, కొమ్ముకోనాం లాంటివి లోతు నీళ్లను ఇష్టపడతాయి. మన తీరంలో సముద్రపు అడుగు కొంత దూరం అరుగులా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా లోతుకు దిగిపోతుంది. ఆ అంచుదాకా వెళ్లగలిగితే పెద్ద చేప దొరికే అవకాశం ఉంది.

పూర్వం దుంగలు కట్టిన తెప్పల మీద తెరచాప ఎత్తుకుని వెళ్లేవారు. తర్వాత ఫైబరు పడవలు, వాటికి ఇంజిన్లు వచ్చాయి. దూరం పెరిగింది. పడవ మాత్రం చిన్నదే. మంచినీళ్లు, అన్నం, ఐసు, ఆయిలు, గాలాలు... అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఆయిలు ఎక్కువ పెడితే చేపకు చోటు తగ్గుతుంది. తక్కువ పెడితే తిరిగి రావడానికి చాలదు. అందుకే ‘ఇక వెనక్కి తిరుగుదాం’ అనే మాట ఎప్పుడు అనాలో తెలిసినవాడే పడవకు పెద్ద. ఆ పెద్దనే తండేలు అంటారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమా పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు మన ఇళ్లలోనూ వినబడుతోంది.

కొండే గుర్తు

జీపీఎస్ రాకముందు దారి ఎలా తెలిసేది? కొండల్ని బట్టి! విశాఖ తీరంలో కొండలు వరసగా ఉంటాయి. సముద్రం మీద నుంచి చూస్తూ ఏ కొండ ఏ కొండకు సూటిగా వచ్చిందో బట్టి తామెక్కడున్నారో, కింద చేపలుండే చోటు ఏదో చెప్పగలిగేవారు. లోతును బారల్లో లెక్కగట్టేవారు. రాత్రయితే చుక్కలే దారి.

కొండ కనుమరుగైతే ఆ లెక్క కుదరదు. ఇప్పుడు చేతిలో జీపీఎస్ ఉంటోంది. అది తీరం ఎటుందో చెబుతుంది. అంతే. ఆగిపోయిన ఇంజినును మాత్రం నడపలేదు.

చేపే లాగేస్తే...

గాలానికి చిన్న చేపను ఎరగా గుచ్చి లోతుకు వదులుతారు. పెద్ద ట్యూనా పడితే అసలు పోరాటం అప్పుడు మొదలవుతుంది. తాడు వదులుతూ, లాగుతూ చేపను అలసిపోయేలా చేయాలి. అరచేతులు కోసుకుపోతాయి. తాడు కాలికో చేతికో చుట్టుకుందా, ప్రాణం మీదికొస్తుంది. 2025 జులైలో అనకాపల్లి జిల్లా తీరంలో గాలానికి చిక్కిన కొమ్ముకోనాం ఓ జాలరిని సముద్రంలోకి లాగేసింది.

మనిషి దొరక్కపోతే ఇంట్లోవాళ్లకు రెండు దుఃఖాలు. పోయాడని ఏడవలేరు, వస్తాడని నమ్మలేరు. మామూలుగా ఆచూకీ లేకుండా ఏడేళ్లు గడిస్తేగానీ చట్టం ఓ మనిషిని మరణించినట్టు భావించదు. ఈలోగా అప్పులు ఆగవు, పిల్లల చదువులు ఆగవు.

హైదరాబాద్ నుంచి కబురు

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన పెను తుపాను తీరం దాటింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లినవారు ఎందరో తిరిగి రాలేదు. చేతిలో ఫోన్లు లేని రోజులవి. తీరం చేరడానికి నాలుగు గంటలు పట్టే పడవకు కబురు అంతకంటే ఎంతో ముందే అందాలి. అందకపోతే ఆ కబురు ఉన్నా లేనట్టే.

ఆ కబురు ఇప్పుడెక్కడి నుంచి వెళుతోందో తెలుసా? సముద్రం ఛాయలే లేని హైదరాబాద్ నుంచి! 1999లో ఏర్పాటైన ‘ఇన్‌కాయిస్’ సంస్థ ఇక్కడే ఉంది. సముద్రపు నీటి వేడిని, నాచు రంగును ఉపగ్రహాలు చూసి చెబుతాయి. నాచు ఉన్నచోట చిన్న చేప, చిన్న చేప ఉన్నచోట పెద్ద చేప! ఆ లెక్కతో ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో చేపలు ఉండొచ్చో ఈ సంస్థ తెలుగులోనూ తెలియజేస్తుంది. దాంతో వెతుకులాట తగ్గుతుంది, ఆయిలు మిగులుతుంది. అలలు ఎంతెత్తున లేస్తాయో కూడా చెబుతుంది.

సెల్‌ఫోను పనిచేయని చోటికి ఇస్రో పరికరం తోడొచ్చింది. ఆపదలో మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి సంకేతం వెళుతుంది. పాత పరికరంలో ఆ సంకేతం అందిందో లేదో జాలరికి తెలిసేది కాదు. 2024లో వచ్చిన కొత్త రకంలో తిరుగు సమాచారం కూడా వస్తుంది. ‘మీ మాట అందింది’ అన్న ఆ ఒక్క కబురు నడిసముద్రంలో ఉన్నవాడికి కొండంత ధైర్యం.

అయితే కబురందాక వెనక్కి తిరగాల్సింది మనిషే. ఆయిలుకు పెట్టిన డబ్బు, సేటు దగ్గర చేసిన అప్పు, ఖాళీ ఐసుపెట్టె... ఇవన్నీ ‘ఇంకో గంట చూద్దాం’ అంటాయి. ఆ గంటే ప్రాణాల మీదికి తెస్తుంది. పరికరం ఎంత ముఖ్యమో, చేప లేకుండా తిరిగొచ్చినా పొయ్యి వెలుగుతుందన్న భరోసా అంతే ముఖ్యం.

438 రోజులు!

చిన్న పడవ ఇంజిను ఆగిపోతే ఏమవుతుంది? 2012 నవంబరులో మెక్సికో తీరం నుంచి వేటకు బయలుదేరిన సాల్వడార్ అల్వరెంగా పడవకు అదే జరిగింది. తుపానులో ఇంజిను చెడింది. వెంట వెళ్లిన కుర్రాడు దారిలోనే చనిపోయాడు. పచ్చి చేపలు, పక్షులు తిని, వాన నీళ్లు తాగి అల్వరెంగా బతికాడు. 2014 జనవరి చివర్లో పసిఫిక్ అవతల మార్షల్ దీవుల్లో ఒడ్డుకు చేరాడు. అంతటి అదృష్టం అందరికీ ఉండదు.

ఇవీ లెక్కలు

* తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కి.మీ. వరకు ప్రాదేశిక జలాలు. 200 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 370 కి.మీ. వరకు మన ఆర్థిక మండలి.

* తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమిది.

* నిషేధ సమయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో రూ.20 వేలు చేసింది.

ఈసారి కోదాడ దారిలో చేపల ఐసుపెట్టెలతో వెళ్లే బండి ఎదురైతే ఓసారి గుర్తు చేసుకోండి. అందులోని ఏ చేప వెనకైనా ఇలాంటి నాలుగు గంటలు ఉండి ఉండొచ్చు... వెళ్లడానికి నాలుగు, రావడానికి ఇంకో నాలుగు.