గింజా? పిలకా? నాటే ముందు తేడా తెలుసుకోండి

పొలంలో మనం నాటేవి తరచి చూస్తే రెండే రకాలు. ఒకటి గింజ, రెండోది ముక్క. వరి, వేరుశనగ, కంది, మొక్కజొన్న గింజతో వస్తాయి. అరటికి పిలక, చెరకుకు ముచ్చె, పసుపుకు కొమ్ము, మల్లెకు కొమ్మ, తమలపాకుకు తీగ ముక్క. ఇది మాకు తెలియనిదా అంటారేమో. కానీ ఈ రెంటికీ ఉన్న తేడా పట్టించుకోకనే ఒకరు హైబ్రిడ్ మొక్కజొన్న కంకులను విత్తనానికి దాచి మరుసటి ఏడు దిగుబడి పోగొట్టుకుంటున్నారు. ఇంకొకరు చవగ్గా వస్తున్నాయని ఎవరి తోటలోవో పిలకలు తెచ్చి, వాటితోపాటే జబ్బునూ సొంత చేలోకి తెచ్చుకుంటున్నారు.

గింజ కట్టాలంటే పువ్వులో పుప్పొడి వెళ్లి అండాన్ని కలవాలి. పుప్పొడి తండ్రి వాటా, అండం తల్లి వాటా. చెరి సగం కలిస్తేనే గింజ. దీన్నే శాస్త్రజ్ఞులు లైంగిక ప్రత్యుత్పత్తి అంటారు. ఇలా పుట్టిన మొక్క అచ్చం తల్లిలా ఉండదు, అచ్చం తండ్రిలానూ ఉండదు. ఒక ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు ఒక్కలా ఉండరు కదా, అదే సంగతి. పిలకలో ఈ కలయిక లేదు. తల్లి దుంప మీది కన్ను పెరిగి మరో చెట్టయింది, అంతే. ఇది అలైంగిక ప్రత్యుత్పత్తి. తల్లి గెల ఎలాంటిదో పిల్ల గెలా అలాంటిదే. తల్లికున్న మంచీ వస్తుంది, చెడూ వస్తుంది.

మరి సాంబ మసూరి గింజ చల్లితే మళ్లీ సాంబ మసూరే వస్తోంది, అదెలా? వరి పువ్వులో తన పుప్పొడి తన అండానికే అందుతుంది. అంటే తల్లీ తండ్రీ ఒకే మొక్క. తరాల తరబడి ఇలాగే సాగి గుణాలు స్థిరపడ్డాయి. వేరుశనగ, పెసర, మినుము కూడా ఇంతే. ఈ పంటల్లో కల్తీ మొక్కలు ఏరేసుకుంటూ మూడేళ్ల దాకా సొంత విత్తనం వాడుకోవచ్చు. కంది, ఆముదం దగ్గర జాగ్రత్త కావాలి. కందిలో తేనెటీగలు, ఆముదంలో గాలి పక్క చేను పుప్పొడిని మోసుకొస్తాయి. విత్తనానికి గట్ల పక్క మొక్కలు వదిలి చేను నడుమ నుంచి తీసుకోండి.

హైబ్రిడ్ గింజ దాచొద్దు

హైబ్రిడ్ అంటే వేర్వేరు గుణాలున్న రెండు స్థిర వంగడాలను కలిపితే పుట్టిన మొదటి తరం. ఆ తరంలో మొక్కలన్నీ ఒక్క తీరున, ఏపుగా ఉంటాయి. వాటి గింజే మళ్లీ వేస్తే కలిసిన గుణాలు విడిపోతాయి. తల్లిది పొడుగు, తండ్రిది పొట్టి, రెంటిలో పొడుగుదే పైచేయి అనుకోండి. మొదటి తరం మొత్తం పొడుగే. రెండో తరంలో సుమారు నాలుగింట మూడు పొడుగు, ఒకటి పొట్టి. ఇది ఒక్క గుణం లెక్క. కంకి సైజు, కోతకొచ్చే కాలం, తెగులును తట్టుకునే శక్తి ఇలా ఎవరి దారిన అవి విడిపోతే చేను ఎలా ఉంటుందో ఊహించుకోండి. రైతు తన పంట గింజ దాచుకుని విత్తుకునే హక్కును 2001 చట్టం కాపాడింది. హైబ్రిడ్ దగ్గర అడ్డం వచ్చేది చట్టం కాదు, మొక్క స్వభావమే.

పిలకతో వచ్చే చిక్కు

ఇక ముక్కతో వచ్చే పంటల సంగతి. ఇక్కడ రకం మారిపోతుందన్న బెంగ లేదు. భయమల్లా తెగులుతోనే. చాలా వైరస్‌లు గింజలోకి చేరవు గాని పిలకలో, ముచ్చెలో మాత్రం హాయిగా ప్రయాణం చేస్తాయి. అరటిలో బంచీటాప్ తెగులే చూడండి. ఆకులు కురచగా, సన్నగా, నిక్కబొడుచుకుని మొవ్వు దగ్గర గుత్తి కడతాయి. ఆకు కాడ మీద ముదురాకుపచ్చ చుక్కలు, గీతలు కనిపిస్తాయి. గెల వేయదు, వేసినా పనికిరాదు. దీనికి మందు లేదు. దుంపతో సహా తవ్వి నాశనం చేయాల్సిందే. అయితే ముందు పేనుబంకకు మందు కొట్టి ఆ తర్వాతే తవ్వండి, లేకుంటే ఆ పురుగు పక్క చెట్టుకు పోయి అక్కడ అంటిస్తుంది.

ఈ పేనుబంక పిల్లలు పెట్టేదీ ఈ పద్ధతిలోనే! మగదానితో పని లేకుండా ఆడపురుగే నేరుగా పిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు వారం పది రోజుల్లో తామూ కనడం మొదలుపెడతాయి. నిన్న నాలుగు కనిపించిన చోట ఇంత త్వరగా ఎలా నిండిపోయాయి అంటే కారణం ఇదే.

కాబట్టి పిలక కొనే ముందు తోట చూసి రండి. ఒక్క బంచీటాప్ చెట్టు కనిపించినా ఆ తోట పిలక వద్దు. మూడు నెలల వయసు, కిలోన్నర నుంచి రెండు కిలోల బరువున్న సూది పిలకలు మంచివి. టిష్యూకల్చర్ మొక్కలైనా తల్లికి నకళ్లే. తల్లికి వైరస్ పరీక్ష చేసి ఉంటేనే వాటికి విలువ. 2006 నుంచి కేంద్ర ప్రభుత్వ ధ్రువీకరణ పద్ధతి ఉంది, ఆ పత్రం అడగండి. చెరకు ముచ్చెలనైతే 52 డిగ్రీల వేడినీటిలో 30 నిమిషాలు ఉంచి నాటితే గడ్డిదుబ్బు తెగులు బెడద తగ్గుతుంది.

నకళ్లతో ఇంకో ప్రమాదం ఉంది. ఒక చెట్టును పడగొట్టే తెగులు అన్నిటినీ పడగొడుతుంది. ఒకప్పుడు ప్రపంచ ఎగుమతి బజారంతా గ్రోమిషెల్ అనే ఒక్క అరటి రకానిదే. పనామా తెగులు దెబ్బకు 1960 దశకం నాటికి అది పోయి కావెండిష్ వచ్చింది. మన గ్రాండ్‌నైన్ ఆ కుటుంబమే. ఇప్పుడు ఆ తెగులులో కొత్త రూపం కావెండిష్‌నే పట్టుకుంది. బీహార్ తోటల్లోనూ కనిపించింది.

తట్టుకునే గుణం కొత్తగా రావాలంటే మళ్లీ గింజ దారే దిక్కు. సాంబ మసూరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు బెడద ఉంటే, హైదరాబాద్ శాస్త్రజ్ఞులు తట్టుకునే వరితో సంకరం చేసి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపి, 2008లో మెరుగైన సాంబ మసూరిని ఇచ్చారు. అందులో ఒక జన్యువు మొదట అడవి వరి నుంచి వచ్చింది. చెరకుకూ అంతే. కోయంబత్తూరులో లావు చెరకును రెల్లుతో కలిపి 1918లో కో.205 తెచ్చారు. అరటికి ఇది కష్టం, మనం తినే అరటిలో గింజే కట్టదు మరి.

మామిడి అంటులో రెండు పద్ధతులూ ఉన్నాయి. కింద వేరు టెంక నుంచి, పైన కొమ్మ బంగినపల్లి తల్లి చెట్టు నుంచి. అందుకే అంటు కింద నుంచి వచ్చే చిగురును ఎప్పటికప్పుడు గిల్లేయండి, అది నాటు మామిడి. నిమ్మది మరో వింత. ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో చాలావరకు కలయిక లేకుండా తల్లి కణాల నుంచే పుట్టినవి, అచ్చం తల్లి లాంటివి. నారుమడిలో తేడాగా, గిడసబారి ఉన్నవాటిని పీకేస్తే చాలు.

కలుపు దగ్గరా ఈ లెక్కే. తుంగ గడ్డలతో పెరుగుతుంది. తడి నేలలో గొర్రు తోలితే గడ్డలు విడిపోయి ఒకటి పది అవుతాయి. ఎండల్లో లోతు దుక్కి దున్ని గడ్డలను పైకి తెచ్చి ఎండనివ్వండి. వయ్యారిభామది గింజ దారి, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాన్ని పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని, వేరుతో పీకేయండి.