కుక్క కాటుకు కారం కాదు, సబ్బు నీళ్లు

కుక్క కరవగానే చాలా ఇళ్లలో మొదట వెతికేది కారం డబ్బా. కొందరు సున్నం రాస్తారు, కొందరు పసుపు అద్దుతారు, ఇంకొందరు ఆకు పసరు కోసం పక్క ఊరికి పరుగెడతారు. రేబిస్ వైరస్ ఒంట్లోకి ఎలా చేరుతుందో, ఏ దారిన పోతుందో తెలిసినవాళ్లు ఈ పనులు చేయరు.

అపోహ: వైరస్ అయినా క్రిమే కదా, యాంటీబయాటిక్ వేసుకుంటే చస్తుంది.

వాస్తవం: బ్యాక్టీరియా ఒక పూర్తి కణం. పోషకాలు తీసుకుంటుంది, శక్తి తయారు చేసుకుంటుంది, తనంత తానే రెండుగా చీలుతుంది. అది బతకడానికి వాడే ఏర్పాట్లనే యాంటీబయాటిక్ దెబ్బతీస్తుంది. వైరస్‌కు ఆ ఏర్పాట్లే లేవు. రేబిస్ వైరస్‌నే తీసుకోండి. తుపాకీ గుండు ఆకారం, పొడవు 180 నానోమీటర్లు. వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరులో 5,000కు పైగా పడతాయి. లోపల ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు, అందులో 5 జన్యువులు, పైన ప్రొటీన్ ముళ్లు పొడుచుకొచ్చిన కొవ్వు పొర. అంతే. కణం బయట ఉన్నంతసేపూ అది తనను తాను పెంచుకోలేదు. కణంలో దూరాక మాత్రం అక్కడి సరంజామాను వాడుకుని తన నకళ్లు తీయించుకుంటుంది. కాటుకు డాక్టరు యాంటీబయాటిక్ రాసేది గాయం చీము పట్టకుండా ఉండటానికి. దానితో రేబిస్ ఆగదు.

అపోహ: కారం మంటకు విషం విరిగిపోతుంది.

వాస్తవం: వైరస్ మీది కొవ్వు పొరను విరిచేది సబ్బు. పొర చెదిరితే కణానికి అతుక్కునే ముళ్లూ పనికిరాకుండా పోతాయి. పారే నీటి కింద సబ్బుతో కనీసం 15 నిమిషాలు కడగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. పిల్లవాడు ఏడుస్తుంటే మనసొప్పక మధ్యలోనే ఆపేస్తారు. దయచేసి ఆపకండి. కారం, సున్నం పుండును రేపి వైరస్ ఇంకా లోతుకు పోవడానికే సాయపడతాయి.

అపోహ: కరిచి నెలయింది, ఏమీ కాలేదు. ఇక భయం లేదు.

వాస్తవం: ప్రాణాలు తీసే మాట ఇదే. ఈ వైరస్ పాము విషంలా రక్తంలో కలిసి పారదు. నరం, కండరం కలిసేచోట, కదలమనే సంకేతాన్ని అందుకునే గ్రాహకాలను పట్టుకుంటుంది. అక్కడి నుంచి నరంలోకి జారుకుంటుంది. నరకణం తన సరుకును కొస నుంచి కేంద్రానికి చేరవేసుకునే ఏర్పాటు ఒకటుంది. వైరస్ దాన్నే ఎక్కి మెదడు వైపు సాగుతుంది. దారిపొడవునా మనిషికి ఏమీ తెలియదు. లక్షణాలు బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు, ఒక్కోసారి వారం, ఒక్కోసారి ఏడాది. తల, మెడ మీద కరిస్తే గడువు తగ్గుతుంది.

కరిచాక వేసే టీకా పనిచేయడానికి కారణం ఈ ఆలస్యమే. వైరస్ మెదడు చేరేలోపు ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. 1885 జులైలో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ టీకా వేయించినప్పుడు ఆ వైరస్‌ను కంటితో చూసినవారు లేరు. అయినా ఈ వ్యవధినే నమ్ముకుని ఆ పిల్లవాడికి చికిత్స చేయించాడు. టీకా ప్రభావం మొదలవడానికి వారం పైనే పడుతుంది కాబట్టి, రక్తం కారేలా కరిస్తే గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ (ముందే తయారైన యాంటీబాడీలు) కూడా ఎక్కించాలి. ఈ రెండోది చాలామంది వదిలేస్తున్నారు. అడిగి మరీ వేయించుకోండి.

అపోహ: రేబిస్ వస్తే మనిషి కుక్కలా మొరుగుతాడు.

వాస్తవం: మెదడు నుంచి వైరస్ లాలాజల గ్రంథులకు దిగుతుంది. మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి. నీళ్లంటే భయం, మొరుగుడులా వినిపించే వికృతమైన గొంతు ఆ బాధ వల్లే. ఆ దశకు చేరాక బతికి బయటపడ్డవాళ్లు బహు అరుదు.

అపోహ: బొడ్డు చుట్టూ 14 సూదులు పొడుస్తారు.

వాస్తవం: అది గొర్రె మెదడుతో చేసిన పాత సెంపుల్ టీకా నాటి మాట. మన దేశంలో దాని తయారీ 2004 చివరికి ఆగిపోయింది. ఇప్పుడు వేసేది భుజానికే. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28వ రోజుల్లో వస్తే చాలు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం.

కుక్కపిల్లే కదా, పెంపుడుదే కదా, చిన్న గీతే కదా అనే మాటలూ చెల్లవు. కుక్కను పది రోజులు గమనించవచ్చు గానీ, టీకా మాత్రం ఆ పది రోజులూ ఆగకూడదు.

తిడతారని భయపడి పిల్లలు కాటును దాచిపెడతారు. కుక్క కరిచినా, గీరినా వెంటనే వచ్చి చెప్పమని, చెబితే ఏమీ అనబోమని మీ పిల్లలకు ఈరోజే చెప్పండి.