పల్లెపట్టుల స్త్రీ విలేఖరులు

వార్త యనగా కాగితముపై అచ్చుపడి తెల్లవారునప్పటికి గుమ్మమున బడునదే యని చిరకాలము తలచితిమి. నేడు ఉదయము జరిగిన సంగతి మధ్యాహ్న భోజనమునకు ముందే సెల్‌ఫోనులో గనబడుచున్నది. ఈ మార్పునకు గొప్ప పత్రికలే తడబడినవి. అట్టియెడ, పెద్ద చదువులకు నోచుకొనని పల్లె స్త్రీలు కొందఱు దానిని వశపఱచుకొనిన విధము సోదరీమణులు తెలిసికొనదగినది.

ఉత్తరప్రదేశమున చిత్రకూటము జిల్లా కలదు. శ్రీరాముని వనవాసకథవలన ఆ పేరు మనకందఱకును పరిచితమే. అచ్చట 2002వ సంవత్సరమున ‘ఖబర్ లహరియా’ యను పత్రిక వెలసెను. వార్తాతరంగములని దాని యర్థము. ఢిల్లీలోని ‘నిరంతర్’ సంస్థ దీనికి చేయూత నొసగినది. విలేఖరులందఱును స్త్రీలే, వారిలో పెక్కండ్రు దళిత కుటుంబములవారు. స్థాపకురాండ్రలో నొకరగు కవితాదేవి బాల్యముననే వివాహితయై, ఆ పిమ్మట చదువు నేర్చినది.

వ్రాయుట, దిద్దుట, ఊరూర దిరిగి అమ్ముట, అన్నియు ఆ స్త్రీలే చేయుచుండిరి. పత్రికాభాష పండితుల హిందీ కాదు. ఇంట మాటలాడుకొను బుందేలీ. చేతిపంపు ఏల బాగుపడలేదు? ఆసుపత్రికి వైద్యుడు వచ్చుచున్నాడా? అవమానింపబడిన స్త్రీ మొఱను పోలీసులు వ్రాసికొనిరా? ఇవియే వారి వార్తలు. అక్షరాస్యతకై చేసిన ఈ కృషికి 2009లో యునెస్కో వారు కింగ్ సెజోంగ్ బహుమానమొసగి గౌరవించిరి.

పల్లెలలో ఫోనులు వ్యాపింపగా, 2016 ప్రాంతమున వారు అచ్చును విడిచి ఇంటర్నెట్టునకు మరలిరి. చదువరాని వారికి సైతము దృశ్యమును, మాటయు అందునుగదా! కాని మార్పు సులభముగా జరుగలేదు. స్మార్ట్‌ఫోను నెన్నడును ముట్టనివారు, ఎచ్చట చెడిపోవునో యని దానిని తాకుటకే జంకిరి. అందలి ఇంగ్లీషు అక్షరములు కొందఱకు కొఱుకుడు పడలేదు. మీరాదేవి వంటి అనుభవశాలినులు దగ్గఱ గూర్చుండి నేర్పిరి. కలముతో వ్రాయువారు దృశ్యమును చిత్రించుటయు, జంకులేక ప్రశ్నించుటయు, ముక్కలను కూర్చి కథగా నడపుటయు అభ్యసించిరి.

లాభముతోపాటు చిక్కులును కలవు. కాగితమునందు పేరు దాచుకొనవచ్చును. దృశ్యములో ముఖమును, స్వరమును దాగవు. ఈ మార్పునకు కొంచెము ముందే ఒక అజ్ఞాతవ్యక్తి నెలల తరబడి ఈ స్త్రీలకు ఫోనుచేసి వేధించెను. 2015 సెప్టెంబరులో వారు ఆ సంగతిని లోకమునకు వెల్లడించిన పిమ్మటగాని పోలీసులు అతనిని పట్టుకొనలేదు. మఱియొక చిక్కు. పల్లెలలో ఫోను పురుషుని చేతనున్నంతగా స్త్రీచేత నుండదు. ఇంటనున్న పత్రికను కోడలు తీరిక వేళ చదువుకొనవచ్చును. భర్త జేబులోని ఫోనును చూచుటెట్లు? కాబట్టి స్త్రీల వార్త స్త్రీలకు జేరుట ఇప్పటికిని సాధింపవలసిన కార్యమే.

వీరి పరివర్తనమును దెలుపు ‘రైటింగ్ విత్ ఫైర్’ అను చిత్రము 2021లో వెలువడి, 2022లో ఆస్కారు బహుమానపు పోటీకి ఎన్నికయ్యెను. లోకమంతయు మెచ్చుకొనుచుండగా ఈ స్త్రీలు మాత్రము, చిత్రము తమ పనిలో నొక భాగమునే చూపినదనియు, దానివలన తమ కథ పూర్తిగా తెలియదనియు ప్రకటించిరి. చిత్రము తీసినవారి దృష్టి వేఱై యుండవచ్చును. కాని తమ్ము పొగడిన చిత్రమునందు సైతము లోపమున్నదని తోచినపుడు చెప్పుటకు వెనుదీయనివారి వార్తను నమ్మవచ్చునుగదా!

సాధనము మారినను వృత్తిధర్మము మారలేదని దీనివలన దెలియుచున్నది. సంఘటన జరిగిన చోటికి బోవుట, బాధితురాలి మాట వినుట, అధికారి నడుగుట, ఉభయుల మాటలను సరిచూచుట, ఇవి కలమున్న నాడును కలవు, ఫోనున్న నేడును కలవు. ఇవి లేనిచో ఎంత వేగముగ వచ్చినను అది వదంతియే.

సోదరీమణులారా! నేడు ప్రతి ఇంటను ఫోను మ్రోగుచున్నది. ఫలానా కషాయముతో సర్వరోగములును మానునని యొకరు, ఫలానా ఊర పిల్లల నెత్తుకొనిపోవుచున్నారని మఱియొకరు పంపుచుందురు. 2018లో ఇట్టి పిల్లల దొంగల పుకార్లవలన మన దేశమున నిరపరాధులు ప్రాణములు గోల్పోయిరి. బియ్యము పొయ్యిపై పెట్టుటకు ముందు రాళ్లేరుదుము. విన్న వార్తను ఇరుగుపొరుగులకు పంపుటకు ముందు ఆపాటి శ్రద్ధ వహింపరాదా? ఎవరు చెప్పిరి, ఎన్నడు జరిగినది, చెప్పినవారు చూచిరా అని మూడు ప్రశ్నలు వేసికొందము. జవాబు దొరకనిచో ఆ వార్తను మన ఇంటనే ఆపుదము.