చిట్టి చేతులు... సేవాయాత్ర!

'చంటిపిల్లలతో అంత దూరమా? వాళ్లు కాస్త పెద్దయ్యాక చూద్దాంలే!'

విదేశాలకు సేవాయాత్ర అనగానే చాలా ఇళ్లలో వినిపించే మొదటి మాట ఇది. రెండో మాట... 'అంత డబ్బెక్కడిది?' రెండూ కొట్టిపారేయాల్సిన మాటలు కావు. అలాగని ఆగిపోవాల్సిన పనీ లేదు. ముందుచూపు ఉంటే మామూలు జీతాల కుటుంబం కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి రావచ్చు. కాకపోతే, టికెట్ల డబ్బు కూడిందని వెంటనే పెట్టెలు సర్దేయకూడదు. ఈ ప్రయాణంలో ఇద్దరి గురించి ఆలోచించాలి. ఒకరు మన ఒళ్లో ఉన్న పిల్లలు... రెండోవారు, మనం వెళ్లే ఊళ్లోని పిల్లలు!

చర్చి బృందంతో కలిసి రెండు మూడు వారాలు వేరే దేశానికి వెళ్లి, బడిలో పాఠాలు చెప్పడమో, వైద్యశిబిరంలో సాయపడటమో, ప్రార్థన కూటాల్లో పాల్గొనడమో చేసి రావడాన్నే 'మిషన్ ట్రిప్' అంటున్నారు. పేరు కొత్తదే కానీ, తెలుగువారికి ఈ ప్రయాణం కొత్త కాదు.

నెల్లూరు నుంచి నటాల్‌కు

1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నటాల్ తోటల్లో పనిచేయడానికి మన దేశం నుంచి లక్షన్నర మందికి పైగా కూలీలు ఒప్పందం మీద వెళ్లారు. మద్రాసులో ఓడెక్కిన వారిలో తెలుగువారూ ఎందరో ఉన్నారు. వారికి తమ భాషలో బోధించేవారు లేని లోటు తీర్చడానికి 1903లో జాన్ రంగయ్య నెల్లూరు నుంచి బయల్దేరారు... భార్యాపిల్లలతో సహా! ఆయన్ని పంపింది తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సొసైటీ. ఆ ఏడాది చివరికల్లా కియర్స్‌నీ తేయాకు తోట దగ్గర తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య 1915లో కన్నుమూశారు.

ఊళ్లో అందరూ తలా కాస్త వేస్తే ఒక కుటుంబం సముద్రం దాటవచ్చన్నది మిజోరంలోనూ రుజువైంది. అక్కడి క్రైస్తవ మహిళలు అన్నం వండే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం పక్కన పెడతారు. చర్చి వాటిని సేకరించి, అమ్మి, ఆ సొమ్మును సేవకు వాడుతుంది. 1910లో మొదలైన ఈ పద్ధతికి 'బుహ్‌ఫాయ్ థమ్' అని పేరు. పేదరికం అడ్డం కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి!

ముందు ఇంట్లో ఒప్పుకోవాలి

పొదుపు లెక్కలకన్నా ముందు తేలాల్సిన విషయం ఇంకొకటుంది. ఇంట్లో అందరికీ ఇష్టమేనా?

1814లో తెలుగు వ్యాకరణాన్ని అచ్చువేసిన విలియం కేరీ గురించి చదువుకున్నవారికి ఆయన భార్య డొరతీ కథ అంతగా తెలియదు. 1793లో కేరీ ఇంగ్లండు నుంచి బయల్దేరుతానన్నప్పుడు ఆమె మొదట రానంది. అప్పటికి ఆమె గర్భిణి. చివరి క్షణంలో ఒప్పుకుని, నలుగురు కొడుకులతో హడావుడిగా ఓడెక్కింది. బెంగాల్ చేరిన మరుసటి ఏడాదే, 1794లో, ఐదేళ్ల పీటర్ విరేచనాల జబ్బుతో చనిపోయాడు. ఆ దెబ్బతో డొరతీ మనసు చెదిరిపోయింది. ఇక కోలుకోనేలేదు.

ఇవాళ మందులున్నాయి, విమానాలున్నాయి. కానీ భార్యాభర్తల్లో ఒకరికి ఇష్టం లేని ప్రయాణం బరువు పిల్లల మీద పడుతుందన్న సంగతి మాత్రం మారలేదు.

నెలకెంత?

అందరూ ఒప్పుకున్నాక అప్పుడు పెన్నూ కాగితం! విమాన టికెట్లు, వీసాలు, టీకాలు, ప్రయాణ బీమా, బస, భోజనం... ఒక్కో పద్దు కింద ఎంతవుతుందో విచారించి రాయాలి. మొత్తానికి పదోవంతు కలిపి అత్యవసర ఖర్చులకు కేటాయించాలి. ఉదాహరణకు, నలుగురికీ కలిపి 4 లక్షలు తేలిందనుకుందాం. వడ్డీ సంగతి వదిలేస్తే, రెండేళ్లలో కూడబెట్టాలంటే నెలకు దాదాపు 16,700 రూపాయలు. మూడేళ్లు ఆగితే 11,100 చాలు. తొందరపడి అప్పు చేసేకన్నా ఏడాది ఆగడమే మేలు కదా!

పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ గడువు ఐదేళ్లు. రెండు మూడేళ్ల అవసరానికి బ్యాంకు ఆర్‌డీ నయం. చీటీ వేసేవారైతే రిజిస్టరైన సంస్థలోనే వేయాలి. ఇక పిల్లలకో డిబ్బీ కొనివ్వండి. పుట్టినరోజుకు తాతయ్య ఇచ్చిన నోటు, ఐస్‌క్రీం మానేసి దాచిన చిల్లర అందులో పడితే... ఆ యాత్ర వాళ్లది కూడా అవుతుంది. ఎందుకు వెళుతున్నామో ఏ ఉపన్యాసమూ లేకుండానే తెలుస్తుంది.

టికెట్లలోనూ ఓ కిటుకుంది. రెండేళ్లలోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే అంతర్జాతీయ విమానాల్లో సాధారణంగా పెద్దల ఛార్జీలో పదోవంతు తీసుకుంటారు. అయితే యాత్ర మధ్యలో రెండో పుట్టినరోజు వస్తే తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందే!

టీకా, వాన, పాస్‌పోర్టు

పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లకో, పద్దెనిమిదేళ్లు నిండే నాటికో... ఏది ముందైతే అప్పటికి ముగిసిపోతుంది. చాలా దేశాలు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి కాబట్టి ముందే చూసుకోవాలి.

కెన్యా, ఉగాండాల వంటి తూర్పు ఆఫ్రికా దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా ముఖ్యం. తొమ్మిది నెలలు నిండిన పిల్లలకే వేస్తారు. వేసిన పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. అది లేకుండా అక్కడి నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, విడిగా ఉంచేస్తారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. మలేరియా రాకుండా వాడే మాత్రల మోతాదును పిల్లల బరువును బట్టి డాక్టరే నిర్ణయించాలి. దోమతెర తప్పనిసరి.

వేసవి సెలవులున్నాయి కదా అని ఏప్రిల్, మే నెలల్లో టికెట్లు కొనేయకండి. తూర్పు ఆఫ్రికాలో అవి పెద్ద వానల రోజులు. బురద, దోమలు రెండూ ఎక్కువే. బడి తెరవకముందు జూన్ మొదటి వారమో, సంక్రాంతి సెలవులో నయం.

చట్టం చూడకుంటే చిక్కే

పక్కనే ఉంది, మనకు వీసా కూడా అక్కర్లేదని కొందరు నేపాల్ వైపు చూస్తారు. అక్కడి 2015 రాజ్యాంగం మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018లో అమల్లోకి వచ్చిన నేర చట్టం ప్రకారం అందుకు ఐదేళ్ల వరకు జైలు. మతబోధకు ప్రత్యేక వీసా అడిగే దేశాలూ ఉన్నాయి. మన దేశమే విదేశీయులకు విడిగా మిషనరీ వీసా ఇస్తుంది. పర్యాటకులమని చెప్పి ప్రచారం చేస్తే, పోలీస్‌స్టేషన్ బయట నిలబడేది మన పిల్లలే!

అక్కడి పిల్లల సంగతి?

మిషన్ ట్రిప్ అనగానే అనాథాశ్రమం గుర్తొస్తుంది చాలామందికి. వారం రోజులు ఎత్తుకుని, ఆడించి, ఫొటోలు దిగి వచ్చేస్తాం. మన ఇంట్లో అది మధుర జ్ఞాపకం. అక్కడి పసివాడికి మాత్రం... చేరదీసిన మరో మనిషి వదిలి వెళ్లిపోవడం! ఇలాంటి రాకపోకలు పిల్లల మనసుకు చేటని నిపుణులు హెచ్చరిస్తూనే ఉన్నారు. అంతకన్నా, ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న స్థానిక సంఘాన్ని 'మీకేం కావాలి?' అని అడగడం మంచిది. వారు అడిగింది టీచర్లకు శిక్షణ కావచ్చు, నీళ్ల ట్యాంకు కావచ్చు. 'మీరు రావద్దు, ఆ టికెట్ల డబ్బు పంపండి' అని కూడా అనవచ్చు. అప్పుడు పంపేయడమూ సేవే!

రమ్మంటే మాత్రం పిల్లలకు వారి వయసుకు తగిన పని ఇవ్వాలి. ఆరేళ్ల పాప పలకలు పంచగలదు. మూడేళ్లవాడు అక్కడి పిల్లలతో బంతాట ఆడగలడు. మధ్యాహ్నం నిద్ర, వేళకు తిండి, రోజు విడిచి రోజు విశ్రాంతి... ఇవి పెద్దల పనులకన్నా ముందు టైంటేబుల్‌లోకి ఎక్కాలి. ఆ రెండు వారాల్లో పెద్దలు చేసే పని సగానికి తగ్గిపోవచ్చు. పిల్లల్ని తీసుకెళ్లాలనుకున్నప్పుడే అందుకు సిద్ధపడాలి. తమ డిబ్బీలోని చిల్లర ఓ బడికి పలకలయ్యిందని కళ్లారా చూసిన పిల్లలకు, ఇచ్చి సంతోషించడం ఇక వేరే నేర్పక్కర్లేదు!